సిగ్గు పంచుకున్న మనవలు: హాథార్న్, లోవెల్

మన వైపు అచ్చువేయించుకునే వంశచరిత్రల్లో తాతలందరూ దాతలే. చెరువు తవ్వించినవాడు, సత్రం కట్టించినవాడు తప్ప పక్కవాడి పొలం గట్టు జరిపినవాడు ఒక్కడూ కనిపించడు. అమెరికన్ రచయితలు ఇద్దరు ఇందుకు ఎదురు నడిచారు. వలసకాలపు మిలీషియాలో పెత్తనం చేసిన తమవాళ్లను తామే బోనెక్కించారు. 'ద స్కార్లెట్ లెటర్' (1850) నవలకు ముందు పెట్టిన 'ద కస్టమ్ హౌస్' వ్యాసంలో నథానియల్ హాథార్న్ ఆ పని చేశాడు. 'లార్డ్ వియరీస్ కాసిల్' (1946) సంపుటిలోని 'ఎట్ ది ఇండియన్ కిల్లర్స్ గ్రేవ్' కవితలో రాబర్ట్ లోవెల్ చేశాడు. ఇద్దరి నిజాయితీనీ శంకించను. కానీ తాత చేసిన పాపాల్లో దేనికి సిగ్గుపడాలో ఎంచుకునేది మనవడే. ఆ ఎంపిక దగ్గరే వీళ్లిద్దరి దారులూ విడిపోయాయి.

ముందు ఆ మిలీషియా సంగతి. 1636 డిసెంబరులో మసాచుసెట్స్ బే వలస పాలకులు ఊళ్ల దళాలను మూడు రెజిమెంట్లుగా కూర్చారు. నేటి అమెరికన్ నేషనల్ గార్డ్ తన పుట్టుకను ఆ నెల నుంచే లెక్కపెట్టుకుంటుంది. వీళ్లు జీతం తీసుకునే సిపాయిలు కారు. కవాతు రోజున రైతూ వడ్రంగీ తుపాకీయో బల్లెమో పట్టుకుని ఊరి మైదానానికి రావాల్సిందే. దళనాయకుడే తరచూ మేజిస్ట్రేటు కూడా. పొద్దున కవాతు చేయించిన చెయ్యే సాయంత్రం శిక్ష రాసేది.

హాథార్న్ పూర్వీకుడు విలియం హాథార్న్ అచ్చంగా అలాంటివాడే. 1630లలో సేలం చేరి, అక్కడి దళానికి కెప్టెనై, మేజరై, శాసనసభ స్పీకరై, మేజిస్ట్రేటుగా తీర్పులు చెప్పాడు. క్వేకర్ మతానికి చెందిన ఆన్ కోల్మన్ అనే ఆమెను ఊరూరా తిప్పి కొరడాతో కొట్టించిన ఘనత ఆయనదే. కొడుకు జాన్ 1692 నాటి సేలం మంత్రగత్తెల విచారణలో న్యాయాధికారి. 'కస్టమ్ హౌస్'లో మనవడు విలియంను గడ్డంతో, నల్లటి అంగీతో, బైబిలుతో, కత్తితో నిలబెట్టి, తండ్రీకొడుకులిద్దరి తరఫునా సిగ్గు తాను మోస్తానంటాడు. అంతటితో ఆగితే అది సభామర్యాద. అతను ఆగడు. ఆ ముసలివాళ్లు తనను చూస్తే ఏమంటారో ఊహిస్తాడు. కథలు రాసుకునేవాడట, దీనికన్నా ఫిడేలు వాయించుకు బతికినా ఒకటే అని వాళ్లు ఈసడించుకుంటారు. తాత మనవణ్ణి తూచే ఈ ఘట్టమే వ్యాసానికి ప్రాణం. ఉద్యోగం ఊడి, సేలం మీద కసిగా ఉన్న మనిషి రాసింది కాబట్టి నవ్వు వెనక మంట కూడా తెలుస్తుంది. మూడు నాలుగు పేజీల్లో ఆ మేజర్ మనకు మనిషిగా కనిపిస్తాడు. లోవెల్ కవితలో ఈ భాగ్యం ఎవరికీ లేదు.

అయితే ఈ వ్యాసంలో ఒక ఖాళీ ఉంది. తాతను సైనికుడు అని అంటాడే గాని, సైనికుడిగా ఆ ఇంటివాళ్లు చేసిన పని ఊసెత్తడు. అదే పేరుగల మేజర్ కొడుకు, కెప్టెన్ విలియం హాథార్న్, 1676 సెప్టెంబరులో తన కంపెనీతో కొచీకో అనే ఊళ్లో ఉన్నాడు. ఉత్తుత్తి యుద్ధక్రీడ పేరుతో పిలిచి సుమారు నాలుగు వందల మంది ఆదివాసులను పట్టుకున్నది అక్కడే. వాళ్లలో రెండు వందల మంది దాకా బోస్టన్‌కు చేరారు. కొందరిని ఉరితీశారు, మిగిలినవాళ్లను బానిసలుగా అమ్మారు. క్వేకర్ స్త్రీకి, ఉరిపడ్డ 'మంత్రగత్తెల'కు సిగ్గుపడడం 1850 నాటికి సులువే, వాళ్లు తెల్లవాళ్లు, క్రైస్తవులు. ఆదివాసుల మీద యుద్ధం మాత్రం అప్పటికింకా పడమట సాగుతూనే ఉంది.

హాథార్న్‌కు తెలియక కాదు. 1835 నాటి 'యంగ్ గుడ్‌మన్ బ్రౌన్' కథలో అడవిదారిన ఎదురైన సైతాను కుర్రవాడితో చుట్టరికం కలుపుతాడు: క్వేకర్ స్త్రీని కొరడాతో కొట్టడంలో మీ తాతకు సాయం చేశాను, ఆదివాసుల పల్లెకు నిప్పు పెట్టడానికి మీ నాన్నకు కాగడా నా పొయ్యిలోంచే ఇచ్చాను అంటాడు. కథలో సైతాను నోట రెండు పాపాలూ వచ్చాయి. సొంత పేరుతో రాసిన వ్యాసంలో ఒకటే మిగిలింది.

లోవెల్ సరిగ్గా ఆ ఖాళీలోకి దిగాడు. అతని తల్లి విన్‌స్లో ఇంటి ఆడపడుచు. ఆ వంశానికి చెందిన ప్లిమత్ గవర్నర్ జోసయా విన్‌స్లో 1675 డిసెంబరు 19న వలస దళాలను నడిపించి, రోడ్ ఐలాండ్ బురదనేలల్లో తలదాచుకున్న నారగాన్సెట్ల కోటను తగలబెట్టించాడు. ముసలీముతకా పిల్లాజెల్లా ఆ గుడిసెల్లోనే కాలిపోయారు. కవిత తలన లోవెల్ పెట్టింది హాథార్న్ కథ 'ద గ్రే ఛాంపియన్'లోని వాక్యమే, ఈ యుద్ధవీరుల భక్తిని ఎత్తిపొడిచే మాట. పాత రచయిత వ్యాసంలో మింగిన మాటను అతని కథలోంచే తీసి చూపించడం గడుసైన విమర్శ.

కవిత నడిచేది బోస్టన్‌లోని కింగ్స్ చాపెల్ శ్మశానం దగ్గర. కవి కటకటాలకు ఆనుకుని ఉంటాడు, నేల కింద రైలు గరగరలాడుతుంది, తెగిన ఫిలిప్ తల మాట్లాడుతుంది. ఆదివాసి నాయకుడు మెటాకామ్‌కు తెల్లవాళ్లు పెట్టిన పేరు ఫిలిప్. 1676 ఆగస్టులో చంపి, తలను ప్లిమత్‌లో కర్రకు గుచ్చి ఏళ్ల తరబడి ఉంచారు. 1943లో, బాంబులతో ఊళ్లను చంపే యుద్ధానికి రానని, వంశగౌరవాన్ని గుర్తుచేస్తూ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు లేఖ రాసి జైలుకెళ్లిన కవికి ఆ తల గొంతు బాగా వినపడింది.

కానీ చంపినవాడు ఎక్కడ? జోసయా సమాధి మార్ష్‌ఫీల్డ్‌లో ఉంది, ఈ శ్మశానంలో కాదు. ఇక్కడున్నది ఆ ఇంటివాళ్లే అయిన జాన్, మేరీ విన్‌స్లోలు. కవి అందరినీ ఒకే మూలపురుషుడిలో కలిపేసి, బైబిలు ఉరుములు ఉరిమించి, చివరికి కన్య మేరీ దర్శనంతో ముగిస్తాడు. నేరం పెద్దదవుతున్నకొద్దీ నేరస్థుడు ఆనవాలు లేకుండా పోయాడు. ఆ ముగింపు నాకు మింగుడుపడదు. కాలిపోయిన పల్లెకు దర్శనం జవాబు కాదు.

లోవెల్‌కూ అది తెలిసినట్టుంది. 1960లలో హాథార్న్ కథ 'ఎండికాట్ అండ్ ద రెడ్ క్రాస్'ను నాటకం చేశాడు. మూలకథ సేలం మిలీషియా కవాతు రోజునే జరుగుతుంది: దళనాయకుడు ఎండికాట్ ఉక్కు కవచంలో ఊరంతా ప్రతిబింబిస్తుంది, ప్రార్థనామందిరం వాకిట కొట్టిన తోడేలు తల నుంచి గుమ్మం మీద నెత్తురు చుక్కలు పడి ఉంటాయి, విల్లంబులు పట్టిన ఆదివాసులు తుపాకుల వరసను చూస్తుంటారు. లోవెల్ నాటకంలో ఆ కెప్టెన్‌కు సందేహాలు పుడతాయి. శ్మశానంలో దొరకని మనిషి రంగస్థలం మీద దొరికాడు.

మనిషిని చూపించడంలో హాథార్న్‌దే పైచేయి, నేరాన్ని పేరుపెట్టి చెప్పడంలో లోవెల్‌ది. చదవదలచినవారు 'యంగ్ గుడ్‌మన్ బ్రౌన్'తో మొదలుపెట్టి, తర్వాత 'కస్టమ్ హౌస్', ఆపైనే లోవెల్ కవిత చదవండి. నేరుగా కవితకు వెళితే ఉరుములే వినిపిస్తాయి.