జపాను వారి ప్రకటన గీతములు

వస్తువును విక్రయించువాడు దానిని పాడి విక్రయించుట నేటి వింత గాదు. మన వీథులలో గాజులమ్మువాని కేకకు రాగము గలదు. దండోరా వేయువాని తప్పెటకు తాళము గలదు. జపాను దేశమునందును చిందొన్‌యా యను బృందములవారు విచిత్రవేషములు ధరించి, డప్పులును గంటలును మ్రోగించుచు, అంగళ్ల పేరులు చాటుచు వీథుల వెంబడి తిరుగుచుండెడివారు. అయితే ఆ పాట వీథిలోనిది. వలదనుకొన్నవారు తలుపు మూసికొనగలిగిరి. రేడియోయు టెలివిజనును వచ్చిన పిమ్మట పాట నట్టింట ప్రవేశించినది. మూయుటకు తలుపు లేకపోయినది. పసిబిడ్డలు బడిపాఠముకంటె ముందుగా దానిని కంఠస్థము చేయుచున్నారు.

ఇట్టి పాటను, "ఇది వర్తకుల యుపాయము, దీనితో సాహిత్యమునకేమి పని?" యని విమర్శకులు త్రోసివేయుచుందురు. మేము దీని కంగీకరింపము. ఏడాది కొకసారి చదువు కావ్యముకంటె దినమునకు పదిసారులు వినబడు పాట యింటివారి మనస్సును ఎక్కువగా తీర్చిదిద్దును. కావున కావ్యమునకు వలెనే దానికిని గుణదోషవిచారణ జరుగవలెను. ఆ విచారణకు జపాను గీతములు మిక్కిలి యనువైనవి. ఏలయన, అచ్చట నివి ప్రత్యేక శాఖగా వృద్ధిపొందినవి. వానిని కట్టిన ప్రముఖుల పేరులు సైతము ప్రజలకు పరిచితములు.

జపానులో వాణిజ్య రేడియో ప్రసారములు 1951 సెప్టెంబరు 1 వ తేదీని ప్రారంభమైనవి. ఆ నెలలోనే కొనిషిరోకు అను ఛాయాగ్రహణసామగ్రి సంస్థ పక్షమున వెలువడిన పాటను ఆ దేశపు తొలి ప్రకటన గీతముగా నెంచుదురు. దానిని కట్టినవాడు మికి తొరిరో. ఈతడు టోక్యోలో న్యాయశాస్త్రము చదివినవాడు. 1947 మొదలు 1952 వఱకు రేడియోలో పాలకులను హాస్యముతో చెండాడిన యొక కార్యక్రమమునకు ప్రాణమువంటివాడు. ఆ పాటలో ఛాయాచిత్రములు తీయుట యందు సరదాగల యొక సామాన్యుడు గలడు. వాని యుత్సాహమునకు మేర లేదు. తుదకు చూడబోయిన చిత్రములన్నియు మసకలే! సంస్థ పేరు గాని, సరకు పేరు గాని పాటలో నెక్కడను లేదు. కొనువానిని చూచి నవ్వుచు, వానిని గూడ నవ్వించిన పాట యది. ఒక శాఖకు ఇంతకంటె మంచి యారంభము లభించుట యరుదు.

1953 ఆగస్టు 28 న వాణిజ్య టెలివిజను వచ్చినది. పాటకు బొమ్మ తోడైనది. ఆ కాలపు స్వరకర్తలలో కొబయాషి అసెయి (1932–2021) ముఖ్యుడు. ఈతడు 1961 లో రెనౌను అను వస్త్రసంస్థ కొఱకు, మాటయు బాణీయు తానే కూర్చి, యువతుల వేడుకను వర్ణించు పాట నొకదానిని రచించెను. అది ఆ తరమువారి నోట నిలిచిపోయినది. ఆ సంస్థ 2020 లో దివాలా తీసినది. అంగడి మూతపడినది గాని పాట మూతపడలేదు. ఈ యొక్క సంగతియే మాకు విమర్శకు కొలబద్ద నిచ్చినది. వస్తువును తొలగించి చూచినప్పుడు పాటలో నేమి మిగులును? అదియే ఆ పాట యింటికి తెచ్చిన సొత్తు. మేలైనను కీడైనను అదియే.

ఈ కొలబద్దతో 1973 లో హిటాచీ సంస్థకై పుట్టిన గీతమును చూతము. మాటలు ఇతో అకిరావి. బాణీ కొబయాషి అసెయిది. ఒక మహావృక్షమును చూచి, పసివానివలె నాశ్చర్యపడుటయే పాట సారాంశము. యంత్రముల ప్రసక్తి లేదు, ధరల ప్రసక్తి లేదు. ఆ ప్రకటనలో చూపబడి ప్రసిద్ధికెక్కిన చెట్టు హవాయి ద్వీపములలో మోఆనలువా తోటయందున్నది. అది మన బాటల ప్రక్క నీడ నిచ్చు నిద్రగన్నేరు జాతిదే. దాని బొమ్మను వాడుకొనుటకై సంస్థవారు తోట యజమానులకు ఏటేట పెద్ద మొత్తము చెల్లించుచు వచ్చిరి. కావున నిది నిష్కామకర్మ యని మేము చెప్పము. చెట్టుమీది ప్రేమ మెల్లగా సంస్థమీదికి ప్రాకవలెనన్నదే వారి యాశ. అయినను వస్తువును తొలగింపుడు. చెట్టు మిగులును, ఆశ్చర్యము మిగులును. ఒక బాలుడు తల యెత్తి కొమ్మల వంక చూచును. ఇందు నష్టపడినవా రెవ్వరును లేరు.

వేఱొక రీతి గలదు. అది పాటను కట్టించుకొనుట గాక, ఉన్న పాటను తెచ్చుకొనుట. యమషిత తత్సురో 1983 లో క్రిస్మసు ముందటి రాత్రిని గూర్చి యొక పాట విడుదల చేసెను. ఎదురుచూచిన ప్రియురాలు రాని రాత్రి యది. దాని మాధుర్య మంతయు ఆ శూన్యతలోనే గలదు. 1988 మొదలు ఒక రైలు సంస్థ దానిని తన ప్రకటనలకు గైకొన్నది. వానిలో స్టేషనునందు ఎదురుచూచిన యువతికి ప్రియుడు రైలు దిగి కనబడును. 1989 డిసెంబరులో ఆ పాట విక్రయములలో ప్రథమస్థాన మందినది. రాని ప్రియురాలి పాట వచ్చిన ప్రియుని పాటగా మాఱినది. విరహమునకు టిక్కెట్టు దొరకినది! ఇది ద్రోహమని కొందఱందురు. మేమంత కఠినముగా పలుకము. బొమ్మను తొలగించి వినినవారికి విరహము యథాతథముగనే యున్నది. మంచి పాటకు తన యర్థమును తాను కాపాడుకొను బలము గలదు.

ఇక మమ్ము మిక్కిలి కలతపెట్టిన పాట రిగెయిన్ అను బలవర్ధకపానీయమునకు సంబంధించినది. 1989 ప్రాంతమున తొకితో సబురో అను నటుడు దానిని పాడెను. కొలువే యుద్ధమనియు, రేయింబవళ్లు నిదుర లేక పోరాడు ఉద్యోగియే వీరుడనియు దాని భావము. బాణీ సైనికుల నడకవలె హుషారైనది. అతిశయోక్తిలో పరిహాసమును గలదు. దేశమంతయు పాడినది. కాని అదే కాలమున అతిశ్రమచేత గుండె యాగియో, మెదడులో నరము చిట్లియో యువకులు కూలుచుండిరి. ఆ మరణమునకు కరోషి యను పేరు వాడుకలోనికి వచ్చినది. 1988 లో న్యాయవాదులు కొందఱు కలిసి, ఇట్లు మరణించినవారి కుటుంబములకు సలహా నిచ్చుటకై టెలిఫోను ఏర్పాటు చేసిరి. ఒక వంక భర్త గొంతున వీరగీతము. మఱియొక వంక భార్య చేత టెలిఫోను.

ఆ పాటయే ఆ మరణములకు కారణమని మే మనము. కారణము కార్యాలయములది, అచ్చటి మర్యాదలది, యజమానుల యాశది. అయినను ఆ యాశకు పాట వినోదపు వేషము వేసినది. అలసితినని చెప్పుకొనుటకు ఉద్యోగి సిగ్గుపడునట్లు చేసినది. వస్తువును తొలగించినచో నిందు మిగులునది నిదుర లేని మనుష్యు డొక్కడే. 2014 లో జపాను శాసనసభ కరోషి నివారణకై చట్టము చేసినది. ఆ సంవత్సరమే ఆ పేరిటి పానీయపు క్రొత్త ప్రకటనలో పోరాటపు కాలము మూడు నాలుగు గంటలకు తగ్గింపబడినది! పాత పాటమీద ఇంతకంటె సూటియైన విమర్శను మేము వ్రాయజాలము.

వినువారు నిస్సహాయులని మాత్ర మెవ్వరును తలపకుందురు గాక. 1975 లో ఒక నూడిల్సు ప్రకటన వచ్చినది. అది పాట కూడ గాదు. వండుట తన వంతని స్త్రీయు, తినుట తన వంతని పురుషుడును పలుకు రెండు చిన్న మాటలు. అది అంతర్జాతీయ మహిళా సంవత్సరము. మహిళాసంఘమువారు అభ్యంతరము తెలిపిరి. "ఇంత చిన్న మాటకు ఇంత రభస యేల?" యని పరిహసించినవారును లేకపోలేదు. అయినను అక్టోబరులో ఆ ప్రకటన ఆపివేయబడెను. ఆ స్త్రీలు కత్తి పట్టలేదు, కొట్టు పగులగొట్టలేదు. అందఱును విని విడిచిన మాటను వారు విని యాలోచించిరి, అంతే.

మన యిండ్లలోను పిల్లలు సబ్బుపొడి పాటలు, మిఠాయి పాటలు పాడుచునే యున్నారు. వారిని కసరి నోరు మూయించుట మా మతము గాదు. పాట మంచిదైనచో తల్లిదండ్రులును గొంతు కలుపవచ్చును. కాని ఒక్క దినము పనులు ముగిసిన పిమ్మట వారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, "ఆ పాటలో సరకు పేరు తీసివేసి పాడు, చూతము" అని యడుగుడు. నవ్వు మిగిలెనా, చెట్టు మిగిలెనా, మన పొరుగువానిని చిన్నచూపు చూచు గర్వము మిగిలెనా, పిల్లలే చెప్పుదురు.