ఎముకా కండా ఉన్న మన్ను

ఆవకాయ జాడీని మనం పింగాణీ అనేస్తాం. నిజానికది పింగాణీ కాదు, ముతక మన్నుతో చేసి మెరుగు పూసి కాల్చింది. అసలైన పలుచటి పింగాణీ గిన్నెను దీపానికి అడ్డుపెడితే వెనక పట్టుకున్న వేళ్ల నీడ కనిపిస్తుంది. అలాంటివి వెయ్యేళ్లుగా చేస్తున్న ఊరు చైనాలోని జియాంగ్షీ ప్రావిన్స్‌లో ఉంది. పేరు జింగ్దెజెన్. 1004లో సాంగ్ వంశపు చక్రవర్తి తన 'జింగ్దె' శకం పేరే దానికి పెట్టాడు.

జియాంగ్షీకి మూడు దిక్కులా కొండలు. ఉత్తరాన పోయాంగ్, చైనాలోకెల్లా పెద్ద మంచినీటి సరస్సు. చలికాలంలో సైబీరియా కొంగలు దిగేది అక్కడే. జింగ్దెజెన్ పక్కన పారే చాంగ్ నది నీళ్లు చివరికి ఆ సరస్సుకే చేరతాయి. కొండలు రాయి, మన్ను, పైన్ కట్టె ఇచ్చాయి. బండి కుదుపులకు పగిలిపోయే సరుకును మోయడానికి నది ఉంది.

పింగాణీకి కావలసినవి రెండు. ఒకటి ఒక రకం తెల్లరాయి. వాగునీటితో తిరిగే రోకళ్లతో దాన్ని పొడిగొట్టి, తొట్లలో తేర్చి, చిన్న ఇటుకలు పోస్తారు. రెండోది ఒకప్పుడు ఊరికి దగ్గర్లోని గావ్‌లింగ్ గుట్టలో తవ్విన తెల్లమన్ను. మన పాఠ్యపుస్తకాల్లోని 'కయొలిన్' ఆ గుట్ట పేరే. దాదాపు 1300 డిగ్రీల వేడికి రాయి కరిగి గాజులా మారుతుంది. మన్ను కరగకుండా ఆకారాన్ని నిలబెడుతుంది. పరదేశులు రాతి ఇటుకలు మాత్రమే కొనుక్కెళ్లి భంగపడ్డారనీ, ఎముకల్లేకుండా కండతోనే ఒళ్లు నిలబెట్టబోయారని ఒక వర్తకుడు నవ్వాడనీ ఫ్రెంచి మతగురువు దాంత్రకోల్ 1712 నాటి లేఖలో రాశాడు.

ఒక్క గిన్నె 72 చేతులు మారుతుందని జియాంగ్షీవాడే అయిన పండితుడు సాంగ్ యింగ్‌షింగ్ 1637లో లెక్క చెప్పాడు. సారె మీద ఎత్తేవాడు మందంగానే ఎత్తుతాడు. పనితనమంతా తర్వాత చెక్కేవాడిది. ఆరిన పచ్చి పాత్రను మళ్లీ తిప్పుతూ, ఇనుప కత్తితో గీస్తూ, వేలితో తట్టి మందాన్ని చెవితో కొలుస్తాడు. ఒక్క గీత ఎక్కువైతే చిల్లే. నీలిరంగు వేసేవాడి కష్టం వేరు. పచ్చి మన్ను కుంచెలో తడిని చటుక్కున పీల్చేస్తుంది, చెరిపి దిద్దడం కుదరదు. పైగా అప్పుడా రంగు మసిలా ఉంటుంది; కాలి చల్లారాకే నీలం బయటపడుతుంది. ఒకడు గీతలే గీస్తాడు, ఇంకొకడు నింపుతాడు. జీవితమంతా ఆ ఒక్క పనే. దీన్ని కళ అని మురిసిపోయేవాళ్లు అందులోని విసుగును తలుచుకోరు.

మెరుగు పూశాక పాత్రలను బూడిద పడకుండా మట్టి పెట్టెల్లో పెట్టి ఆవంలోకి ఎక్కిస్తారు. వేడి చాలిందో లేదో ఆవం పెద్ద లోపలికి ఉమ్మి చూసి చెప్పేవాడంటారు.

1351లో జియాంగ్షీలోని ఒక గుడికి సమర్పించిన ఈ ఊరి నీలిరంగు కూజాల జత ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. మింగ్ చక్రవర్తులకు పనికొచ్చినవి బీజింగ్ చేరాయి. కాస్త వంకర పోయినా, రంగు చెదిరినా పగలగొట్టి ఊళ్లోనే పాతిపెట్టేవారు. ఆ పెంకులను తవ్వి, ఒక్కొక్కటే అతికించి, ఆవం ఆకారంలో కట్టిన ఇటుక మ్యూజియంలో నిలబెట్టారు. జింగ్దెజెన్ వెళ్లినవాళ్లు వరసలో నిలబడి చూసేది చక్రవర్తి వద్దన్న గిన్నెలనే.