స్థలం, మార్పు, గుర్తింపు: హైదరాబాదు నీటి ఆనవాళ్ళు

హైదరాబాదు గురించి తెలుగులో వచ్చే రచనల్లో రెండు ధోరణులు తరచుగా కనిపిస్తాయి. మొదటిది స్మృతి ధోరణి. చార్మినారు, లాడ్‌బజారు గాజులు, ఇరానీ చాయ్, హలీమ్ ఉన్నంతకాలం నగరం తన రూపం తాను నిలుపుకున్నట్టేనని అది భావిస్తుంది. రెండవది విలాప ధోరణి. మాదాపూర్, గచ్చిబౌలి, కోకాపేటల్లో లేచిన అద్దాల భవనాలను చూపి, పాత నగరం అంతరించిందనీ, ఇప్పుడిది ప్రపంచంలోని ఏ నగరమైనా కావచ్చుననీ వాపోతుంది. పైకి పరస్పర విరుద్ధంగా కనిపించే ఈ రెండింటికీ పునాది ఒకటే. ఒక చోటి విశిష్టత కంటికి కనిపించే వస్తువుల్లో ఉంటుందనీ, అవి నిలిస్తే అదీ నిలుస్తుందనీ, అవి పోతే అదీ పోతుందనీ రెండూ నమ్ముతాయి. ఆ నమ్మకాన్ని హైదరాబాదు చరిత్ర ఎంతవరకు బలపరుస్తుందన్నది ఇక్కడి ప్రశ్న.

మూడు వాదాలు

స్థల విశిష్టత గురించి గత శతాబ్దపు ఉత్తరార్ధంలో వచ్చిన ఆలోచనల్లో మూడు ఈ ప్రశ్నకు దగ్గరగా వస్తాయి. ఎడ్వర్డ్ రెల్ఫ్ 1976లో వెలువరించిన 'ప్లేస్ అండ్ ప్లేస్‌లెస్‌నెస్' అనే గ్రంథంలో, ఒక చోటి గుర్తింపు మూడు అంశాల కలయిక అన్నాడు: దాని భౌతిక రూపం, అక్కడ జరిగే పనులు, మనుషులు దానికి ఇచ్చుకునే అర్థాలు. ఆధునిక నిర్మాణాలు అన్ని చోట్లనూ ఒకే అచ్చులో పోస్తున్నాయన్నది ఆయన ఆవేదన. తెలుగులోని విలాప ధోరణికి ఇంతకంటే గట్టి సమర్థన దొరకదు. అయితే ఆయన చెప్పిన మూడు అంశాలలో విలాపకారులు పట్టించుకునేది మొదటిదాన్నే.

దీనికి ఎదురు నిలిచే వాదం డోరీన్ మాసీది. లండన్‌లోని కిల్‌బర్న్ హైరోడ్డును ఉదాహరణగా తీసుకొని 1991లో రాసిన వ్యాసంలో, ఏ చోటూ గిరిగీసుకొని బతకదనీ, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన సంబంధాలు ఒకచోట ముడిపడటమే దాని ప్రత్యేకత అనీ ఆమె వాదించింది. ఐరిష్ జాతీయవాదుల గోడరాతలూ, చీరల దుకాణమూ ఒకే వీధిలో ఉండటం ఆ వీధికి లోపం కాదు, అదే దాని స్వరూపం.

మూడవది ఇటలీ వాస్తుశిల్పి ఆల్డో రోసీ 1966లో చెప్పిన మాట. నగరంలో కాలానికి నిలిచే నిర్మాణాలు రెండు రకాలన్నాడు. కొన్ని కొత్త పనులకు చోటిస్తూ నగరాన్ని ముందుకు నడుపుతాయి. కొన్ని నిలిచి ఉన్నా, చుట్టూ ఉన్న జీవితంతో తెగిపోయి ఒంటరిగా మిగులుతాయి. మొదటి రకానికి పాదువా నగరంలోని పాత న్యాయస్థాన భవనాన్నీ, రెండవదానికి గ్రెనడాలోని అల్‌హంబ్రా కోటనూ ఉదాహరించాడు.

స్మృతి ధోరణిని మాసీ వాదం సులభంగానే చెదరగొడుతుంది. స్థానికతకు చిహ్నాలుగా చెప్పుకునేవన్నీ ఒకప్పుడు బయటినుంచి వచ్చినవే. హలీమ్ అరబ్బులతో వచ్చింది. ఇరానీ చాయ్ ఎవరిదో దాని పేరే చెబుతుంది. నిజాం సైన్యంలో పనిచేసిన యెమెన్ అరబ్బుల వాడకు 'బ్యారక్స్' అన్న ఇంగ్లీషు మాట నుంచి బార్కస్ అన్న పేరొచ్చింది. గోల్కొండను మచిలీపట్నం రేవుతో కలిపిన బాట మీద పుట్టిన నగరానికి, వచ్చిపోయేవారు లేని 'అసలు' రూపం ఏనాడూ లేదు. ఆ లెక్కన ఐటీ ఉద్యోగి కూడా ఆ వరుసలో తాజాగా వచ్చినవాడే. అతని రాకతో నగరం అంతమైందనడానికి ఆధారం లేదు.

కాని మాసీ వ్యాసంతో ఒక చిక్కు ఉంది. చోటు అంటే సంబంధాల ముడి మాత్రమే అయితే, ఆ ముడి మరో నేల మీద ఎందుకు పడలేదు? వచ్చినవాళ్ళందరూ దేనితో సర్దుకోవలసి వచ్చింది? ఆ వ్యాసంలో నేలకూ నీటికీ దక్కిన చోటు తక్కువ. హైదరాబాదు విషయంలో అసలు సంగతి అక్కడే ఉంది.

నగరం కంటే ముందు నీరు

చార్మినారు కట్టింది 1591లో. మూసీ మీద పురానాపూల్ 1578 నాటిది. హుస్సేన్‌సాగర్ 1560ల ఆరంభంలో తయారైంది. అంటే చెరువు, వంతెన, ఆ తరవాతే నగరం. ఇది యాదృచ్ఛికం కాదు. దక్కను పీఠభూమి మీద ఎత్తుపల్లాల రాతినేల వాననీటిని తనలో ఎక్కువగా ఇంకనివ్వదు. కురిసిన నీటిని పల్లంలో కట్ట వేసి ఆపితేనే ఊరు బతుకుతుంది. అందుకే ఈ ప్రాంతమంతటా గొలుసుకట్టు చెరువులు ఏర్పడ్డాయి. పై చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు కింది చెరువుకు చేరుతుంది; చివరికి మూసీలో కలుస్తుంది. కాకతీయులు పెంచి పోషించిన ఈ పద్ధతిని కుతుబ్‌షాహీలు కొనసాగించారు. గోల్కొండ కోటకు నీరందించిన దుర్గం చెరువు ఆ ఏర్పాటులోదే.

పాలకులు మారినా నీటితో బేరం మారలేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. ఎగువన అనేక చెరువుల కట్టలు తెగడంతో వరద మరింత ఉధృతమైంది. పదిహేను వేల మంది వరకు మరణించారని అంచనా. ఆ తరవాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సూచనల ఫలితంగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరదను ఆపడం, మంచినీరు ఇవ్వడం అనే రెండు పనులూ ఆ జలాశయాలు చేశాయి. పాత చెరువు కట్టడం వెనక ఉన్న ఆలోచనే ఇక్కడ కొత్త ఇంజనీరింగు రూపంలో కనిపిస్తుంది.

రోసీ చెప్పిన మొదటి రకానికి హుస్సేన్‌సాగర్‌కు మించిన ఉదాహరణ ఈ నగరంలో లేదు. అది మొదట నీటి వనరు. 1806లో అసఫ్‌జాహీ పాలకుడు సికిందర్ జా పేరు మీద సికిందరాబాదు వెలిశాక, దాని కట్ట రెండు నగరాలను కలిపే దారి అయింది. 1992లో నీటి మధ్య ఏకశిలా బుద్ధ విగ్రహం నిలిచాక నగర చిహ్నాల్లో ఒకటైంది. నీరు కలుషితమై, విస్తీర్ణం తగ్గినా, నగరం దాన్ని తప్పించుకొని పోలేకపోయింది. పనులు మారుతూ వచ్చాయి. పని లేని రోజు మాత్రం రాలేదు.

పేర్లు చెప్పే సాక్ష్యం

చిన్న కుంటలకు ఆ భాగ్యం దక్కలేదు. నల్లకుంటలో కుంట లేదు. మాసబ్‌ట్యాంక్ పేరులో 'మా సాహెబా' అన్న కుతుబ్‌షాహీ రాజవంశపు స్త్రీ గౌరవనామం దాగి ఉందంటారు. ఆమె పేరిటి చెరువు జాగాలో ఇప్పుడు పిల్లల పార్కు ఉంది. గచ్చిబౌలి అంటే గచ్చు చేసిన బావి. అక్కడ పనిచేసే వేలమందిలో ఆ బావి సంగతి ఎందరు తలుస్తారు?

పేరును భావుకతకు మాత్రమే పనికొచ్చే విషయంగా చూడటం విమర్శలో జరిగే పొరపాటు. హైదరాబాదులో 'కుంట', 'చెరువు', 'బౌలి' అన్న మాటలు భూమి రికార్డుల్లోని 'శిఖం' అన్న మాటకు సాటివి. ఇక్కడ పల్లం ఉంది, నీరు ఇటే వస్తుంది అని అవి చెబుతాయి. 2000 ఆగస్టులోనూ, 2020 అక్టోబరులోనూ కుండపోత కురిసినప్పుడు నీరు చేరిన చోట్లు చాలావరకు పూర్వం నీరు నిలిచినవో, పారినవో. వరద 'ఇళ్ళలోకి చొచ్చుకొచ్చింది' అని పత్రికలు రాశాయి. నేల వాలు తెలిసినవారు ఆ వాక్యాన్ని తిరగేసి చదువుతారు.

అలాగని పేరు నిలిస్తే చాలుననడం కూడా తప్పే. బంజారాహిల్స్ పేరులో బంజారాలు ఉన్నారు, ఆ కొండల మీది ఖరీదైన ఇళ్ళలో లేరు. మనుషులను పంపేసి పేరును ఉంచుకోవడం గుర్తింపును కాపాడటం కాదు. చెరువు అంచున లేచే గృహసముదాయాలకు తగిలించే 'లేక్ వ్యూ' అన్న పేరుదీ ఇదే తీరు. పాత పేరు నీటితో బతికినవారు పెట్టుకున్నది. ఈ పేరు నీటిని కిటికీలోంచి చూడబోయేవారి కోసం పెట్టింది. విదేశాల్లో స్థిరపడిన తెలుగువారు పశ్చిమ హైదరాబాదులో ఫ్లాటు కొనేటప్పుడు పత్రాల్లో చదవవలసిన మొదటి విషయం ఆ చెరువు పూర్తిగా నిండినప్పటి హద్దు ఎక్కడన్నది. దుర్గం చెరువు మీద 2020లో తీగల వంతెన ప్రారంభమైంది. వంతెన అందంగానే ఉంది. చెరువు మాత్రం కోటకు నీరిచ్చిన స్థితి నుంచి ఛాయాచిత్రంలో నేపథ్యంగా నిలిచే స్థితికి చేరింది. రోసీ రెండవ రకానికి ఇది చాలా దగ్గర.

ప్రశ్న ఒకటి, జవాబులు అనేకం

ఇంతవరకు చూసినదాన్ని బట్టి, ఒక చోటి విశిష్టత దాని కట్టడాల్లోనో, అక్కడికి వచ్చి చేరిన సంబంధాల్లోనో మాత్రమే లేదు. వచ్చిన ప్రతివారినీ ఆ నేల ఒక ప్రశ్న అడుగుతుంది. హైదరాబాదు అడిగేది, 'ఈ రాతినేల మీద పడిన వానను ఏం చేస్తావు?' అని. కుతుబ్‌షాహీలు కట్ట వేసి జవాబిచ్చారు. విశ్వేశ్వరయ్య ఆనకట్టలతో ఇచ్చాడు. జంట జలాశయాల పరీవాహక ప్రాంతంలో నిర్మాణాలను కట్టడి చేసిన 1996 నాటి 111వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు కూడా ఒక జవాబే. 2022లో ఆ ఆంక్షలను సడలించడం మరో రకం జవాబు: ప్రశ్నే లేదనడం. విలాపకారులు దుఃఖించవలసింది అద్దాల భవనాల గురించి కాదు, దీని గురించి. అద్దాల భవనం కూడా వాలును గౌరవించి, నాలాను వదిలి నిలిస్తే ఈ నగరపు భవనమే అవుతుంది. చెరువు శిఖంలో పాత దక్కనీ తోరణాలతో కట్టిన ఇల్లు అలా కాలేదు.

ప్రశ్న ఇంకా వినిపిస్తోందనడానికి ఇటీవలి సాక్ష్యం ఒకటి ఉంది. అంబర్‌పేటలోని బతుకమ్మ కుంట చాలాకాలం పూడికతో, వ్యర్థాలతో నిండి పేరుకు మాత్రమే కుంటగా మిగిలింది. 2024లో ఏర్పడిన హైడ్రా సంస్థ 2025లో అక్కడ తవ్వకం మొదలుపెట్టగా, కొద్దిలోతులోనే నీరు పైకి వచ్చింది. ఒక్క కుంట తిరిగి నిండినంత మాత్రాన తెగిన గొలుసు అతకదు. పైనుంచి నీరొచ్చే నాలాలు, కిందికి పోయే అలుగులు కూడా కావాలి. అయినా ఆ కుంటను తవ్వడానికి అక్కడి వారికి ఆధారంగా మిగిలినవి కొన్ని రికార్డులు, కొందరి జ్ఞాపకాలు, ఒక పేరు. ఆ మూడింటినీ భద్రపరచడం నగర చరిత్రకారుల పని ఎంతో, అక్కడ ఇల్లు కట్టుకునేవారి పనీ అంతే.