ప్రోగ్రాము వ్రాసేవారు - వివరణ వ్రాయనివారు

తుఫాను రోజులలో మచిలీపట్నం రేవులో ఫలానా నంబరు ప్రమాద సూచిక ఎగురవేశారనే వార్త కృష్ణాజిల్లా వారికి క్రొత్త కాదు. ఈ సూచికలు మొత్తం 11. మొదటి రెండు సముద్రంలో దూరాన ఉన్న వాతావరణాన్ని తెలుపుతవి. 3, 4 రేవునకు జాగ్రత్త చెప్పేవి. 5 నుండి 7 వరకు ప్రమాదం. 8 నుండి 10 వరకు మహాప్రమాదం. పదకొండవది మాత్రం వేరు జాతికి చెందినది. వాతావరణ హెచ్చరిక కేంద్రంతో సంబంధం తెగిపోయినదనీ, గాలివాన ముప్పు ఉన్నట్లు స్థానికాధికారి భావిస్తున్నాడనీ దాని అర్థం. అనగా ఈ పద్ధతిని ఏర్పరచినవారు, పద్ధతి చెడిపోయిన వేళ ఏమి చేయవలెనో కూడ ముందుగా ఆలోచించి, దానికి ఒక నంబరు ఇచ్చి, అర్థం వ్రాసిపెట్టారు. స్తంభం మీది గుర్తును చూచే పడవవాడు, దానిని కల్పించినవానిని వెతుక్కుంటూ వెళ్ళవలసిన పని లేదు.

కంప్యూటరుకు ప్రోగ్రాములు వ్రాసేవారిలో చాలమందికి ఈ అలవాటు లేదు.

ప్రోగ్రామంటే యంత్రం చేయవలసిన పనిని వరుసగా చెప్పే ఆదేశాల మాల. ఆ ఆదేశాల ప్రక్కన మనుష్యుల కోసం వ్రాసే మాటలను డాక్యుమెంటేషను, అనగా వివరణ, అంటారు. దీనిని యంత్రం చదవదు. అందుకే కాబోలు, వ్రాయవలసినవాడూ దానిని లెక్కచేయడు. “మంచి ప్రోగ్రాముకు వివరణ ఎందుకు? చదివితే అదే తెలుస్తుంది” అనే మాట ఈ వృత్తిలో తరచు వినవస్తుంది. ఇందులో సగం నిజం ఉన్నది. ప్రోగ్రాము తాను ఏమి చేస్తున్నదో చెప్పగలదు. ఎందుకు చేస్తున్నదో చెప్పలేదు. ఏ పనిని కావాలని వదలిపెట్టారో అసలే చెప్పలేదు.

ఆ వదలిపెట్టిన దానివల్ల ఎంత నష్టం రాగలదో 1996 జూన్ 4న తెలిసింది. ఆనాడు ఫ్రెంచి గయానాలోని కూరూ నుండి బయలుదేరిన మొదటి ఏరియేన్-5 రాకెట్టు దాదాపు 40 సెకన్లకే దారితప్పి, ముక్కలై పేలిపోయింది. రాకెట్టు దిశను కనిపెట్టే పరికరంలోని ప్రోగ్రాము పాతది. ఏరియేన్-4 కోసం వ్రాసినది. అందులో 64 బిట్ల సంఖ్య నొకదానిని 16 బిట్ల గదిలోకి మార్చవలసి ఉన్నది. అంత చిన్న గదిలో 32,767కు మించిన సంఖ్య పట్టదు. పాత రాకెట్టుకు అంత సంఖ్య ఎన్నడూ రాలేదు. క్రొత్తది ఆ సమయానికి అడ్డంగా ఎక్కువ వేగం అందుకొనేది. సంఖ్య పొంగిపోయింది, పరికరం పని మానింది. తోడుగా పెట్టిన రెండవ పరికరంలోనూ అదే ప్రోగ్రాము ఉండటంచేత అదీ అట్లే ఆగింది. ఇటువంటి ప్రమాదానికి లోనుకాగల సంఖ్యలు ఏడు ఉండగా, నాలుగింటికి రక్షణ కల్పించి, మూడింటిని వదిలారు. ఎందుకు వదిలారో ప్రోగ్రాములో ఎక్కడా వ్రాసిలేదని విచారణ సంఘం గమనించింది. పత్రాలు లేకపోలేదు, కట్టలు కట్టలుగా ఉన్నవి. ఆ కట్టల మధ్య అసలు కారణం మునిగిపోయింది. కనుక కాగితాల బరువు వివరణ కాదు. చేయి పెట్టవలసిన చోటనే కారణం కనబడటం వివరణ.

తెలుగువారికి ఇంకా దగ్గరి ఉదాహరణ 2018 ఫిబ్రవరిలో జరిగింది. ఒక తెలుగు అక్షరం వచ్చిన సందేశం ఆపిల్ కంపెనీ వారి ఐఫోన్లను కుప్పకూల్చింది. అక్షరం “జ్ఞా”. విజ్ఞానంలోని అక్షరమే! అయితే మామూలుగా వ్రాసిన “జ్ఞా” వల్ల ఏ హానీ లేదు. జ్ఞకూ దీర్ఘానికీ నడుమ, కంటికి కనబడని ఒక గుర్తు చేరినప్పుడే ఫోను పడిపోయేది. అక్షరాలను కలవనీయకుండ ఆపటానికి యూనికోడ్‌లో ఏర్పరచిన గుర్తు అది. విపరీతమైనదేమీ కాదు. “సాఫ్ట్‌వేర్” అని తెలుగులో సరిగా వ్రాయటానికే అది కావాలి. లేకుంటే ట-కారం క్రింద వ-వత్తు చేరుతుంది. ఫిబ్రవరి 19న కంపెనీ వారు సవరణ విడుదల చేశారు. ఇంగ్లీషు అక్షరాలతో వేయిసార్లు పరీక్షించినా ఈ లోపం బయటపడదు. వత్తులు, గుణింతాలు గల లిపితో, రాకూడని చోట రాకూడని గుర్తు పెట్టి చూచినప్పుడే బయటపడుతుంది.

ప్రోగ్రామర్ల పక్షాన చెప్పవలసిన మాట ఒకటి ఉన్నది. ప్రోగ్రామును మార్చి వివరణను మార్చకపోతే, అది అబద్ధమై కూర్చుంటుంది, లేనిదానికంటె అపాయకరం. అందుకే తెలిసినవారు వివరణలో కొంత భాగాన్ని పరీక్షల రూపంలో వ్రాస్తారు. ప్రోగ్రామును మార్చినప్పుడల్లా యంత్రమే ఆ పరీక్షలను నడుపుతుంది. పొసగకపోతే వెంటనే చెబుతుంది. ఇది వ్రాయనివారి వాదం కాదు, ఎక్కువ శ్రద్ధగా వ్రాసేవారి వాదం.

మరి ఈ అశ్రద్ధ ఎక్కడ పుడుతుంది? ఉద్యోగంలో కాదు, ప్రయోగశాల రికార్డు పుస్తకంలో. ప్రయోగం ముందు, రికార్డు తరువాత. అదీ పై తరగతివారి పుస్తకం చూచి ఎక్కించినది. మచిలీపట్నమైనా గుడివాడైనా ఇంతే. అందులో ప్రతి ప్రోగ్రామూ మొదటిసారికే సరియైన జవాబు ఇస్తుంది! తప్పినట్లు వ్రాస్తే మార్కులు పోతవని విద్యార్థి భయం. కృష్ణా తూర్పు డెల్టాలో కాలువ లాకుల వద్ద కూడ నీటిమట్టం పుస్తకంలో వ్రాస్తారు. అది మార్కుల కోసం కాదు, తరువాత వచ్చి తలుపులు ఎత్తవలసిన మనిషి కోసం. రెండూ రికార్డులే.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. పోయినవారు వేల సంఖ్యలో ఉంటారు. ఆ తీరాన మచిలీపట్నంలో తరువాతి కాలంలో డాప్లరు రాడారు వచ్చింది. అది పంపిన తరంగాలు మేఘాలను తాకి తిరిగి వచ్చినప్పుడు, వాటిని వాన లెక్కగా, గాలి వేగంగా మార్చేది ప్రోగ్రాములే. హెచ్చరికను తెలుగు అక్షరాలలో నాగాయలంక, కోడూరుల లోని ఫోనులకు చేర్చేదీ ప్రోగ్రాములే. రేపు వాటిని వ్రాయవలసినవారు నేడు రికార్డు ఎక్కిస్తున్న పిల్లలు.

ఉపాధ్యాయులు ఒక పరీక్ష పెట్టి చూడవచ్చును. తరగతి మార్కుల సగటు కట్టే ప్రోగ్రామును ఒక విద్యార్థి చేత వ్రాయించి, మూడు నెలల తరువాత మరొకరికి ఇవ్వాలి. వ్రాసినవానిని ఏమీ అడగకుండ రెండవవాడు దానిని మార్చాలి. మార్కు ఉండవలసిన చోట “గైర్హాజరు” అని ఉంటే ప్రోగ్రాము ఆగిపోతుందా, సున్నా అనుకొంటుందా, ఆ పేరునే వదలిపెడుతుందా అన్నది మొదటివాడు వ్రాసిపెట్టాడో లేదో అప్పుడు తెలుస్తుంది.