పుల్లరి లెక్క

కాటమరాజు కథలో యుద్ధం గడ్డి దగ్గర మొదలవుతుంది. కరవొచ్చి మేత దొరక్క యాదవులు ఆలమందలను నెల్లూరు సీమకు తోలుకెళ్తారు. మేపుకున్నందుకు కోడెదూడలను రాజుకివ్వాలని ఒప్పందం. ఆ పుల్లరి మీద తగువు ముదిరి, సిద్ధిరాజు సైన్యంతో పోరు దాకా పోతుంది. యుద్ధానికి కారణం గడ్డీ దూడలేనని దాచకుండా చెప్పిన మన పాట అది. అందుకే నాకు పౌరుషపు పద్యాలన్నిటి కంటే అదే గొప్పది.

ఆ కథలోనే సిద్ధిరాజు సేనాని ఖడ్గతిక్కన యుద్ధం నుంచి వెనుదిరిగి ఇంటికొస్తాడు. ఆడవాళ్లకు పెట్టినట్టు స్నానానికి భార్య మంచం అడ్డుపెట్టి, పసుపుముద్ద ఉంచుతుంది. తల్లి విరిగిన పాలు వడ్డిస్తుంది. అతను మళ్లీ వెళ్లి ప్రాణం విడుస్తాడు. తరతరాలుగా దీన్ని ఆడవాళ్ల వీరత్వంగా మెచ్చుకుంటున్నాం. నాకు మాత్రం బతికొచ్చిన మనిషికి సొంత ఇంట్లోనే చోటు లేకుండా పోవడం కనిపిస్తుంది. యుద్ధం వసూలు చేసే పుల్లరిలో అదీ ఒక భాగమే.

1915లో సరోజినీ నాయుడు హైదరాబాదు మహిళల యుద్ధ సహాయ సంఘం నివేదిక కోసం ఇంగ్లీషులో ఒక కవిత రాసింది. ధనధాన్యాల నుంచి కన్నకొడుకుల దాకా తానిచ్చినవన్నీ ఒక తల్లి గుర్తుచేస్తుంది. చందాల నివేదికలో కవిత ఉండటం నాకెంతో సబబుగా తోస్తుంది. ఆ మొదటి ప్రపంచ యుద్ధానికి పది లక్షల మందికి పైగా భారతీయులు సముద్రం దాటి వెళ్లారు; 70 వేలకు పైగా తిరిగిరాలేదు. మనుషులే కాదు, మన రైలుపట్టాలూ ఇంజిన్లూ ఓడలెక్కి మెసపటోమియాకు పోయాయి. మెట్టుగూడలో రైల్వే క్వార్టర్ల మధ్య ఉంటూ ఆ సంగతి చదివితే అది దూరదేశపు చరిత్రలా అనిపించదు. బండి తగ్గితే బియ్యం రవాణా తగ్గుతుందని, బియ్యం తగ్గితే ధర పెరుగుతుందని ఇక్కడ ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

నేను కవిత రాసేటప్పుడు పెట్టుకున్న నియమం ఒకటుంది: నెత్తురు అన్న మాట రాసేముందు, ఆ నెత్తురు చిందినవాడి ఇంట్లో ఆ నెల కిరాణా బాకీ ఎవరు తీర్చారో తెలుసుకోవాలి. తెలియకపోతే ఆ కవిత పక్కన పెట్టేస్తాను. నెత్తురుకు పాఠకుడు ఒక్కసారి ఉలిక్కిపడతాడు. బాకీ సంగతైతే అతని ఇంట్లోనూ ఉంటుంది.

యుద్ధం మీద రాస్తున్న పిల్లలూ, ముందు కాటమరాజు కథ చదవండి. ఆ తర్వాత మీ వీధిలో ఒక మాజీ సైనికుడి ఇంటికి వెళ్లి, ఆయన భార్యతో మాట్లాడండి.