ఫార్మాట్ కొట్టినా పోనిది

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాల సముదాయమైన సీటీసీలో ఈ వారం విన్న ఒక మాటకు ఈ కాలమిస్టుకు ఒళ్లు మండింది. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసులు వదిలించుకున్న లాప్‌టాప్‌లు అక్కడ దుకాణాల్లో దొంతర్లుగా ఉన్నాయి. ఒక పెద్దాయన తన పాత మెషీన్ కౌంటర్ మీద పెట్టాడు. కీబోర్డు బాగుంది, హింజ్ బిగుతుగా ఉంది, ర్యామ్ 8 జీబీ. కుర్రాడు తిప్పి చూసి, "ఇది సెవెంత్ జెన్ సార్, దీనికి లెవెన్ ఎక్కదు. స్పేర్ పార్ట్స్‌కి ఇచ్చేయండి" అన్నాడు.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం కావాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలి. ఆ జాబితాలో పేరు లేనందుకు పనిచేస్తున్న యంత్రం తుక్కు లెక్కలో పడిపోతోంది.

దానికి లైనక్స్ వేయమని ఈ కాలమ్ ఎన్నిసార్లు చెప్పిందో పాఠకులకు తెలుసు. మరో మాటా తెలుసు: ఒకసారి వేశాక మళ్లీ ఫార్మాట్ కొట్టొద్దు, అప్‌గ్రేడ్ చేసుకోండి. మెషీన్ నెమ్మదించినా, వైరస్ వచ్చినా ఫార్మాట్ కొట్టెయ్యడం ఈ ఊరికి పైరసీ సీడీల కాలం నుంచీ ఉన్న అలవాటు. లైనక్స్ రకాల్లో ఒకటైన డెబియన్‌కి ఆ అవసరం లేదు. 2023 జూన్‌లో వచ్చిన 12 నుంచి 2025 ఆగస్టు 9న వచ్చిన 13కి వెళ్లాలంటే, ముందు ఫైళ్లు బ్యాకప్ తీసుకుని, సోర్సెస్ ఫైల్‌లో ‘బుక్‌వర్మ్’ ఉన్నచోటల్లా ‘ట్రిక్సీ’ అని మార్చాలి. ఆ రెండు వెర్షన్ల పేర్లవి, రెండూ టాయ్ స్టోరీ సినిమా బొమ్మల పేర్లే. ఆపైన ఆప్ట్ అప్‌డేట్, అప్‌గ్రేడ్, చివర్లో ఫుల్-అప్‌గ్రేడ్ కమాండ్లు కొట్టాలి. డెబియన్ 11 నుంచి ఒకేసారి 13కి దూకకూడదు, మెట్టు మెట్టుగానే ఎక్కాలి.

మధ్యలో ఒకచోట తెర ఆగుతుంది. ఫలానా ఫైల్‌ని మీరు మార్చుకున్నారు, మీది ఉంచమంటారా, కొత్తది పెట్టమంటారా అని అడుగుతుంది. ఏమీ చెప్పకుండా ఎంటర్ కొడితే మీదే ఉంటుంది. యజమానికి ఇంత మర్యాద ఇచ్చే ఆ ఒక్క ప్రశ్న కోసమైనా అప్‌గ్రేడ్ చేయాలనిపిస్తుంది.

తెలుగులో లైనక్స్ అనగానే ‘స్వేచ్ఛ’ సంస్థ గుర్తుకు రాకుండా ఉండదు. గచ్చిబౌలి కేంద్రంగా పనిచేసే ఆ సంస్థ 2005లోనే తెలుగు మెనూలతో ఒక ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చింది. తర్వాత బడి పిల్లల కోసం బాల స్వేచ్ఛ. ఇంజనీరింగ్ కాలేజీల కుర్రాళ్లు కూర్చుని ఒక్కో మెనూనీ తెలుగు చేశారు. కాపీ రాయుళ్ల సీడీలు రాజ్యమేలిన నగరంలో అది సాహసమే. తెలుగుకి సొంత ఆపరేటింగ్ సిస్టమ్ ఉండాలని ఈ కాలమ్ ఎప్పుడూ వాదించింది.

కానీ విడిగా కట్టిన సిస్టమ్‌కి ఒక కష్టం ఉంది. కింద పునాదిగా ఉన్న లైనక్స్ కూర్పు (డిస్ట్రో) మారిన ప్రతిసారీ పైదంతా మళ్లీ కట్టాలి. కొత్త వెర్షన్‌లో కొత్త మెనూలొస్తాయి, అవి ఇంగ్లిష్‌లో వస్తాయి. తెలుగు చేసిన కుర్రాళ్లు అప్పటికి ఉద్యోగాల్లో ఉంటారు.

డెబియన్‌లోకే నేరుగా వెళ్లిన తెలుగు సంగతి చూడండి. గ్రాఫికల్ ఇన్‌స్టాలర్‌లో భాషల జాబితాలో తెలుగు ఉంది. దేశికాచారి గారి పోతన, వేమన ఫాంట్లు ప్యాకేజీల్లో ఉన్నాయి. కీబోర్డు కావాలంటే ఐబస్ అనే టైపింగ్ సాధనంతో ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, ఆపిల్ మూడూ దొరుకుతాయి. వెర్షన్ మారినా అవన్నీ వెంట వస్తాయి, డిస్క్ మొత్తం తుడిచి కొత్తగా వేసినా మళ్లీ దొరుకుతాయి. అంటే కుర్రాళ్ల శ్రమ నిలవాలంటే అది చేరాల్సింది అక్కడికే. సొంత సిస్టమ్ అన్న పాత వాదాన్ని ఈ కాలమ్ ఇక్కడితో వదిలేస్తోంది.

ఫార్మాట్ మీద పగ కూడా వదిలేస్తోంది. సీటీసీలో కొన్న మెషీన్‌లో ముందువాడు ఏం పెట్టి వదిలాడో ఎవరికి తెలుసు? దాన్ని శుభ్రంగా తుడిచి వేసుకోవడమే మేలు. వేసేటప్పుడు మీ ఫైళ్లుండే హోమ్‌కి వేరే పార్టిషన్ ఇవ్వాలి. "సి డ్రైవ్ పోతుంది, డి డ్రైవ్‌లో పెట్టుకో" అన్న మాట మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. హోమ్ విషయంలోనూ అంతే.

ఫార్మాట్‌తో అసలు గండం డీటీపీ సెంటర్లలో ఉంది. అక్కడ ఏళ్ల తరబడి కొట్టిన పెళ్లి పత్రికలు, కవితా సంపుటాలు అను ఫాంట్లలో, పేజ్‌మేకర్ ఫైళ్లలో ఉన్నాయి. ఆ ఫాంట్లలో తెలుగు రూపాలు ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌ల మీద కూర్చుని ఉంటాయి. ఫాంట్ తీసేస్తే తెర మీద అర్థంలేని ఇంగ్లిష్ మిగులుతుంది. అలాంటి మెషీన్‌కి లైనక్స్ వేసే ముందు పేజ్‌మేకర్ తెరిచి, ఒక్కో పుస్తకం పాఠం కాపీ చేసి, యూనికోడ్ కన్వర్టర్‌లో వేసి, వత్తులు సరిగా వచ్చాయో లేదో కూర్చుని చదవాలి. విసుగు పని, రోజులు పడుతుంది. అది పూర్తయ్యేదాకా ఆ మెషీన్ జోలికి ఎవరినీ రానివ్వకండి. అయిన మర్నాడే ఫార్మాట్ కొట్టుకోవచ్చు.