లాంగ్‌బెల్‌కి ముందు పది నిమిషాలు

ఆఖరి పీరియడ్‌లో మన బళ్ళలో జరిగేది దాదాపు ఒకటే. బోర్డు మీద హోంవర్క్ రాస్తాం, పిల్లలు గబగబా డైరీల్లోకి ఎక్కించుకుంటారు. "అర్థమైందా?" అంటే "అయ్యిందండీ" అని గది మొత్తం ఒక్క గొంతుతో పలుకుతుంది. అప్పటికే సగం సంచులు భుజాలకెక్కి ఉంటాయి.

ఆ "అయ్యిందండీ" నాకు చాలదు. పుస్తకాలు మూయించి, ఇవాళ తెలిసిందొకటి, అంతుపట్టనిదొకటి చెప్పమంటాను. మొదటిది టకటకా చెప్పేస్తారు. రెండోదానికే ధైర్యం కావాలి. ఒకరు నోరు విప్పితే "నాక్కూడానండీ" అంటూ నలుగురు లేస్తారు. రేపు పాఠం ఎక్కడ ఎత్తుకోవాలో నాకక్కడే తెలుస్తుంది. జపాన్ ప్రాథమిక బళ్ళలో ఇళ్ళకెళ్ళే ముందు ఇలాంటి చిన్న సమావేశాన్ని పిల్లలే వంతులవారీగా నడుపుతారు. మన పిల్లలూ నడపగలరు.

తర్వాత ఇంటికొక ప్రశ్న. అది పుస్తకంలోది కాకూడదు. నాగాయలంక, కోడూరు వైపు చాలామంది తల్లిదండ్రులు లెక్కల నోట్సు చూపిస్తే "మాకేం తెలుస్తుందండీ" అని వెనక్కి తగ్గుతారు. వాళ్ళ పని గురించి అడిగితే ఆపకుండా చెబుతారు. పోటు రేపెప్పుడొస్తుందో ఇంట్లో అడిగి రమ్మన్నాను. మర్నాడు ఆరో తరగతి పిల్ల లేచి, "రోజూ ఒకే టైముకి రాదంటండీ. ఇవాళ్టికంటే రేపు ముప్పావుగంట పైనే ఆలస్యమంట. అమావాస్యకీ పున్నానికీ పోటు ఎక్కువంట. మా నాన్న చెప్పాడు" అంది. చంద్రోదయం కూడా రోజుకి సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. నేను బోర్డు మీద భూమినీ చంద్రుణ్ణీ గీశానంతే, పాఠం చేపల వేటకెళ్ళే వాళ్ళ నాన్నే చెప్పేశాడు.

1977 నవంబరు 19 నాటి ఉప్పెన సంగతి మాత్రం వేరు. ఆ మాటెత్తితే లేచి అవతలికి వెళ్ళిపోయే నాయనమ్మలు ఈ దివిసీమలో ఇంకా ఉన్నారు. "చెబితే వినండి, చెప్పకపోతే అడగొద్దు" అని పంపుతాను.

బందరు, గుడివాడల్లో కష్టం ఇంకోటి. హోంవర్క్ వాట్సాప్ గ్రూపులో నేరుగా తల్లి ఫోనుకి చేరిపోతుంది, పిల్లాడు అటునుంచటే ట్యూషనుకి పోతాడు. బడి కబురు ఇంట్లో చెప్పే పని వాడికి లేకుండా పోయింది. ఇది నాకు నిజంగా బాధ. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ప్రభుత్వ బళ్ళలో మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు, 2025 జూలై 10న మళ్ళీ పెట్టారు. మంచి పని. కానీ మిగతా రోజుల సంగతేమిటి?

గ్రూపులో హోంవర్క్ పెట్టండి, కాదనను. ఒక్క ప్రశ్న మాత్రం అందులో పెట్టకుండా పిల్లాడి నోటికే అప్పగించండి. బందరులో రోల్డ్‌గోల్డ్ పని చేసే ఇల్లయితే పూత ఎలా పడుతుందని అడిగి రమ్మనండి. పెడన కలంకారీ ఇల్లయితే నలుపు దేంతో వస్తుందని. తుప్పు పట్టిన ఇనుమునీ బెల్లాన్నీ నీళ్ళలో నానబెడతారని అమ్మో నాన్నో చెబుతారు. సైన్సు మాస్టారు మర్నాడు అక్కణ్ణుంచే మొదలుపెట్టొచ్చు.